పార్వై, ఉల్లేఖ, సూచిక

మన పత్రిక పాఠకుల్లో చాలామందికి తెలుగుతోబాటు ఇంకొక రాష్ట్రపు సర్కారు ఉత్తరాలు చదివే అవసరం పడి ఉంటుంది. తమిళనాడు ఆఫీసు ఉత్తరంలో పైన 'పొరుళ్' అని విషయం రాసి, దాని కింద 'పార్వై' అని పెట్టి పాత ఉత్తరం నంబరు, తేదీ వేస్తారు. కర్ణాటకలో అదే చోట 'ఉల్లేఖ' ఉంటుంది. మహారాష్ట్రలో 'సందర్భ' అంటారు. తెలుగు రాష్ట్రాల ఉత్తరాల్లో 'సూచిక'. నాలుగింటి పనీ ఒకటే. ఈ మాట నేను గాలిలోంచి పట్టుకొచ్చింది కాదు, దీనికి ముందు ఫలానా కాగితం ఉంది, కావాలంటే తీసి చూడు అని చెప్పడం. అయినా నాలుగు భాషల చూపూ ఒకటి కాదు. తమిళుడు 'చూడు' అంటాడు, కన్నడిగుడు 'పేర్కొన్నాను' అంటాడు, మరాఠీవాడు అల్లికను గుర్తు చేస్తాడు, తెలుగువాడు వేలు చూపిస్తాడు. నాకు తమిళ మాట మీదే మనసు. వేలు చూపించినంత మాత్రాన ఎవరూ వెళ్ళి చూడరని ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో బాగా తెలిసింది.

నా ఉద్యోగం అలాంటిది. హోసూరు నుంచి రోజూ బస్సెక్కి బెంగుళూరులో ఒక యంత్రాల కర్మాగారానికి వెళ్ళేదాన్ని. అక్కడ రెండు ఇనుప బీరువాలున్న చిన్న గది నాది. బీరువాల నిండా భారతీయ ప్రమాణాలు, అంటే ఐ.ఎస్. పుస్తకాలు. పలచటి నీలం, తెల్ల అట్టల పుస్తకాలు. కొన్ని నాలుగు పుటలు, కొన్ని వంద పుటలు. మా ఇంజనీర్లు రాసే ప్రతి నిర్దేశ పత్రం అచ్చుకు పోకముందు నా దగ్గరికి రావాలి. అందులో విషయం సరిగా ఉందా లేదా అన్నది నా పని కాదు. చివరి పుటలో ఉన్న జాబితాలో నంబర్లు, ఏళ్ళు, పేర్లు సరిగా ఉన్నాయా, లోపల పేర్కొన్నవన్నీ జాబితాలో ఉన్నాయా, జాబితాలో ఉన్నవన్నీ లోపల ఎక్కడో ఒకచోట కనిపిస్తాయా అని చూడడం నా పని. నన్ను 'లిస్టు మేడమ్' అనేవారు. అందులో కొంత ఎగతాళి కూడా ఉండేది. నాకేం కోపం రాలేదు.

నేను చేరింది 1985లో. అప్పటికి ఆ సంస్థ పేరు ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్. 1947 జనవరిలో, స్వాతంత్ర్యానికి ఏడు నెలల ముందు, పుట్టింది. 1987 ఏప్రిల్ 1 నుంచి అది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ అయింది. జనం నోట మాత్రం 'ఐ.ఎస్.ఐ. మార్కు' అన్నమాట ఇప్పటికీ పోలేదు. ఆ సంస్థ మొదటి నంబరు, ఐ.ఎస్. 1, దేనికిచ్చారో తెలుసా? జాతీయ పతాకానికి. ఆ ప్రమాణం ప్రకారం ఖాదీ జెండా కుట్టే కేంద్రం కర్ణాటకలోనే, హుబ్బళ్ళి పక్కన బెంగేరిలో ఉంది. హుబ్బళ్ళి వైపు ఉన్న మనవాళ్ళు చూసే ఉంటారు.

సంస్థ పేరు మారిన ఆ రోజుల్లోనే నంబరు రాసే తీరు కూడా మారింది. పాత పుస్తకాల మీద ముందు ఐ.ఎస్., తరువాత రెండు చుక్కలు, ఆపైన నంబరు, అడ్డగీత, ఏడాది ఉండేవి. కాంక్రీటు పుస్తకం 1978 ప్రతి మీద అలాగే ఉంది. కొత్త పద్ధతిలో ఐ.ఎస్. తరువాత చుక్కలు పోయి, అడ్డగీత స్థానంలోకి వచ్చి కూర్చున్నాయి: ఐ.ఎస్. 456 : 2000. చూడడానికి ఇంతే. మా టైపిస్టు మాత్రం చుక్కలు ఇటునుంచి అటు జరిగినందుకు మూడు నెలలు ఢిల్లీని తిట్టింది. ఆ చుక్కల స్థానం చూసి ఒక కాగితం ఏ కాలానిదో చెప్పగలిగేవాళ్ళం, అచ్చు చూసి పుస్తకం వయసు చెప్పే పాత పుస్తకాల షాపువాడిలాగా.

ప్రమాణాలు ఎలా రాయాలో చెప్పడానికి కూడా ఒక ప్రమాణం ఉంది, ఐ.ఎస్. 12. ఏడాది రాయలేదేమని అడగకండి. కావాలనే రాయలేదు. ఏడాది రాయకపోతే 'ఇప్పుడు నడుస్తున్న ప్రతి ఏదైతే అది' అని అర్థం. ఏడాది రాస్తే 'ఆ ఒక్క ప్రతే, దాని తరువాత వచ్చింది కాదు' అని అర్థం. అంతర్జాతీయ సంస్థ ఐ.ఎస్.ఓ. నియమాల్లో కూడా ఇదే మాట ఉంది. వినడానికి చిన్న సంగతి. మా గదిలో జరిగిన తగాదాల్లో ముప్పాతిక వంతు ఈ నాలుగు అంకెల గురించే.

ఏడాది ఎందుకింత పట్టింపు అంటే ఒక ఉదాహరణ చెబుతాను. భూకంపాలకు తట్టుకునేలా ఇళ్ళు కట్టడానికి ఐ.ఎస్. 1893 అనే పుస్తకం ఉంది. (అది నంబరు, ఏడాది కాదు. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని ఏడాది అనుకుని తికమకపడేవారు.) దాని 1984 ప్రతిలో దేశాన్ని అయిదు మండలాలుగా విడదీశారు. ఒకటోది అన్నిటికంటే భయం తక్కువ ఉన్నది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి నేలమట్టమైంది. అది ఆ ఒకటో మండలంలోని ఊరే. 2002లో వచ్చిన ప్రతిలో ఒకటో మండలం అనేదే లేదు. దాన్ని రెండులో కలిపేశారు. మద్రాసు రెండు నుంచి మూడుకు ఎక్కింది. ఇప్పుడొక నిర్దేశంలో 'ఐ.ఎస్. 1893 ప్రకారం' అని రాయడం ఒకటి, 'ఐ.ఎస్. 1893 : 1984 ప్రకారం' అని రాయడం మరొకటి. మొదటిది కొత్త పటాన్ని లోపలికి రానిస్తుంది. రెండోది కిల్లారికి ముందటి పటం దగ్గరే తలుపు వేసుకుంటుంది. అలాగని ఏడాది రాయకపోవడమే ఎప్పుడూ మంచిదని కాదు. రేపు రాబోయే ప్రతిలో ఏముంటుందో ఇవాళ సంతకం పెట్టేవాడికి తెలియదు కదా. పదమూడో పట్టికలోని రెండో వరుస అని చూపించేటప్పుడు ఏడాది తప్పనిసరి, ఎందుకంటే కొత్త ప్రతిలో ఆ పట్టిక పన్నెండోది కావచ్చు. మొత్తం పుస్తకాన్ని చూపించేటప్పుడే ఏడాది వదిలేసే వెసులుబాటు.

ఇక రెండో సంగతి. జాబితాలు రెండు రకాలు. ఒకటి, అవి లేకపోతే ఈ పత్రమే నిలబడనివి. 'సిమెంటు ఐ.ఎస్. 269 ప్రకారం ఉండాలి' అని రాశామంటే, ఆ ఒక్క వాక్యంతో ఇంకొక పుస్తకం మొత్తం ఈ పుస్తకంలోకి కాపురానికి వచ్చినట్టే. ఒంటరిగా రాదు, తన పుట్టింటివాళ్ళను కూడా వెంటబెట్టుకొస్తుంది. ఆ పుస్తకంలో ఇంకో పది పుస్తకాల పేర్లుంటాయి. రెండో రకం, ఇంకా తెలుసుకోవాలనుకునేవాళ్ళు చూడవలసినవి. అవి పాటించకపోతే ఎవరూ కేసు పెట్టరు. ఐ.ఎస్.ఓ. పత్రాల్లో మొదటి రకాన్ని ముందే, రెండో అధ్యాయంగా పెడతారు. రెండో రకాన్ని అన్నిటికంటే చివర, అంకెలు వేసి పెడతారు. ఇంగ్లీషులో వీటికి 'నార్మేటివ్', 'ఇన్ఫర్మేటివ్' అనే పేర్లు. కుర్ర ఇంజనీర్లకు ఈ తేడా చెప్పడానికి చాలా తంటాలు పడేదాన్ని. తెలుగు చదివిన ఒక అబ్బాయి వచ్చినప్పుడు మాత్రం ఒక్క నిమిషంలో పని అయిపోయింది. మన పుస్తకాల చివర కొందరు 'ఆధార గ్రంథాలు' అని, కొందరు 'ఉపయుక్త గ్రంథాలు' అని వేస్తారు కదా, మొదటిది ఇల్లు నిలబడ్డ స్తంభం, రెండోది వసారాలో వేసిన బల్ల అన్నాను. వాడికి మళ్ళీ చెప్పవలసిన అవసరం రాలేదు. మన రచయితలు మాత్రం ఈ రెండు మాటల్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. అది నాకు నచ్చదు. చేతిలో ఇంత చక్కటి తేడా ఉండి వాడుకోకపోవడం.

బీరువాల మధ్య కూర్చుని చేసే ఈ పని ఎవరి అన్నంలోనైనా తగులుతుందా అని అడిగేవాళ్ళుండేవారు. 2017లో జరిగింది చెబుతాను.

మా ఊరి పక్క ఊళ్ళో ఒక మేస్త్రీ ఉండేవాడు. మాకు దూరపు చుట్టం, నేను మామా అనేదాన్ని. చదువు అయిదో తరగతి. చిన్న చిన్న కట్టుబడి పనులు గుత్తకు పట్టేవాడు. ఒక ఆఫీసుకు ప్రహరీగోడ, రెండు గదులు కట్టే పని ఇంకొకరి చేతికింద తీసుకున్నాడు. సిమెంటు తానే కొనాలి. కొన్నాడు, అప్పు చేసి. మూటలు దిగాక అక్కడి స్టోరు ఉద్యోగి ఒప్పందం కాగితం తీసి చూసి, 'ఇది పనికిరాదు, పట్టుకుపో' అన్నాడు. కాగితంలో ఉన్నది: నలభై మూడు గ్రేడు సిమెంటు, ఐ.ఎస్. 8112 ప్రకారం. మూటల మీద అచ్చు వేసి ఉన్నది: నలభై మూడు గ్రేడు, ఐ.ఎస్. 269. నంబరు వేరు కనుక సరుకు వేరు అన్నాడు ఆయన.

ఆదివారం పొద్దున మామ మా ఇంటికి వచ్చాడు. చేతిలో మూట నుంచి కత్తిరించిన ముక్క.

"ఏం పాపా, మూట మీద ఒగ నెంబరుంది, కాగితంలో ఇంగొగ నెంబరుంది అంటాండారు. సిమెంటు మంచిదే కదా? నేను ముప్పై ఏండ్లుగా ఇదే కలుపుతాండాను."

"మంచిదే మామా. నెంబరు మారింది, సిమెంటు మారలేదు."

"అయితే ఆ మాట ఆయప్పకు చెప్పు పాపా. నేను చెప్తే వినేదిల్లే. వానలు పడేదానికి ముందు గోడ లేవల్ల, మూటలు గడ్డ కట్టినాయంటే నాకు మిగిలేది చిప్పే."

జరిగింది ఏమిటంటే, మొన్నమొన్నటిదాకా మూడు గ్రేడులకు మూడు పుస్తకాలుండేవి: ముప్ఫై మూడుకు ఐ.ఎస్. 269, నలభై మూడుకు ఐ.ఎస్. 8112, యాభై మూడుకు ఐ.ఎస్. 12269. 2015లో మూడింటినీ కలిపి ఒక్క ఐ.ఎస్. 269 చేశారు. మిగతా రెండు నంబర్లనూ తీసేశారు. సిమెంటు కంపెనీలు మూటల మీద కొత్త నంబరు వేయడం మొదలుపెట్టాయి. ఆఫీసుల్లో ఒప్పందాల కాగితాలు మాత్రం పాత కాగితం చూసి కొత్త కాగితం టైపు చేసే పద్ధతిలో పాత నంబరుతోనే నడుస్తున్నాయి. ఆ ఉద్యోగిది దుర్మార్గమని నేననను. తన కాగితంలో ఏముందో అదే చదివాడు. నంబరు మారితే తన మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాడు. వేలు చూపించిన వైపు చూశాడే గానీ వెళ్ళి చూడలేదు. 'పార్వై' అనే మాట మీద నా మోజుకు కారణం ఇదే.

నేను మామకు ఒక పుట రాసి ఇచ్చాను. పైన విషయం, కింద పార్వైలో మూడు వరుసలు. మొదటిది, వాళ్ళ ఒప్పందం నంబరు, తేదీ. రెండోది, ఐ.ఎస్. 269 : 2015, దాని ముందుమాట, మూడు గ్రేడులనూ కలిపిన సంగతి అందులో ఉంది. మూడోది, కాంక్రీటు పుస్తకం ఐ.ఎస్. 456 : 2000 రెండో అధ్యాయం. ఆ అధ్యాయంలో చివర ఒక మంచి వాక్యం ఉంది. పేర్కొన్న ప్రమాణాలన్నీ మారుతూ ఉండేవే, కాబట్టి ఒప్పందం చేసుకునేవాళ్ళు వాటి తాజా ప్రతులు వాడే వీలుందేమో చూసుకోవాలి అని దాని భావం. ఆ పుస్తకం వెనక జాబితాలో సిమెంటుకు ఎదురుగా ఉన్నవి 1980ల నాటి ప్రతులే. అయినా ఆ ఒక్క వాక్యం వల్ల జాబితా ముసలిదైనా పుస్తకం చావలేదు. రెండు పుటల నకళ్ళు జతచేసి, ఎక్కడ చదవాలో అంచున పెన్సిలు గీత పెట్టి ఇచ్చాను.

వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. పైవాళ్ళకు పంపారు, పైవాళ్ళు కంపెనీ పరీక్ష పత్రం అడిగారు, అది తెప్పించేసరికి పన్నెండు రోజులు. పన్నెండు రోజులూ మామ మూటల కింద చెక్కలు వేసి, పైన టార్పాలిను కప్పి, రాత్రిళ్ళు అక్కడే పడుకున్నాడు. చివరికి సిమెంటు తీసుకున్నారు. అప్పు మీద వడ్డీ ఎవరూ ఇవ్వలేదు. ఆ పుట మీద సంతకం మామదే. పెద్ద అక్షరాలతో, తెలుగులో పెట్టాడు. తమిళంలోనో ఇంగ్లీషులోనో పెట్టమని ఎవరో అన్నారట. "నాకు వచ్చేది ఇదొగటే" అన్నాడట.

జాబితా రాసే పద్ధతుల్లో విరామ చిహ్నాల గొడవ వేరే ఉంది. పుస్తకం పేరు తరువాత చుక్కా, కామానా, ఏడాది ముందా, వెనకా. దీనికోసం కాలేజీల్లో తలలు పగలగొట్టుకోవడం చూశాను. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 690 అనేది ఈ పనికే ఉంది. దాని 1987 ప్రతి, 2010 ప్రతి, 2021 ప్రతి వరసగా వచ్చాయి. తమాషా ఏమిటంటే చుక్కలూ కామాలూ ఇలాగే ఉండాలని అది పట్టుబట్టదు. ఏయే వివరాలుండాలి, ఏ వరుసలో ఉండాలి అని చెబుతుంది. ఏదో ఒక పద్ధతి పట్టుకుంటే చివరిదాకా అదే ఉంచమంటుంది. నాకు తెలిసిన మంచి వంటవాళ్ళు కూడా అంతే. ఏవేవి వేయాలో చెబుతారు, గరిటె ఏ చేత్తో పట్టుకోవాలో చెప్పరు.

మనదేశంలో ఈ పనికి పునాది వేసినవాడు మన పక్కవాడే. ఎస్. ఆర్. రంగనాథన్ గారు తంజావూరు వైపు శియాళిలో 1892లో పుట్టారు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి అధికారి అయ్యారు, చివరి రోజులు బెంగుళూరులో గడిపారు. 1962లో ఆయన బెంగుళూరులో స్థాపించిన డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం ఇప్పటికీ ఉంది. స్టాండర్డ్స్ సంస్థలో ఈ విషయాల కమిటీకి చాలాకాలం అధ్యక్షుడు ఆయనే. ఆయన పద్ధతిలో పేరు ముందు, పొడి అక్షరాలు తరువాత. అంటే ఆయన పేరు ర కింద వస్తుంది. ఎస్. అన్నది ఊరు, ఆర్. అన్నది తండ్రి. తమిళ పేర్లకు అది అతికినట్టు సరిపోతుంది.

మన పేర్లకు? ఇక్కడ నాకొక బాధ ఉంది. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. ఇంగ్లీషు జాబితా వచ్చి దాన్ని తిరగేస్తుంది, లేదా తిరగేయాలో వద్దో తెలియక ఉన్న చివరి మాటను పట్టుకుంటుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉండి సవర భాషకు చేసిన సేవ ఒడిశా పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆయన సవర భాష మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. భాషాశాస్త్రవేత్తల జాబితాల్లో అది 'రామమూర్తి, జి. వి.' అని ర కింద ఉంటుంది. తెలుగు పుస్తకాల జాబితాలో ఆయన గ కింద, గిడుగు అని ఉంటారు. తెలియనివాడికి ఇద్దరు మనుషులు. మనబోటి బయటి తెలుగువాళ్ళ సంగతి ఇంకా చిక్కు. మూడు తరాలుగా తమిళనాట బళ్ళో ఇంటిపేరు రాయించక, తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్‌గా మిగిలినవాళ్ళం. మా నాన్న పేరు వల్ల నేను ఒక అక్షరం, మా అన్న కొడుకు ఇంకొక అక్షరం. ఒకే ఇంటివాళ్ళమని ఏ జాబితా చెప్పదు. ప్రమాణాల పుస్తకాలకు ఈ బాధ లేదు. వాటికి రచయిత పేరు ఉండదు, నంబరే పేరు. రాసినవాళ్ళ పేర్లు చివరి పుటల్లో కమిటీ సభ్యులుగా చిన్న అక్షరాల్లో ఉంటాయి. అప్పుడప్పుడు అక్కడ తెలుగు పేర్లు వెతుక్కునేదాన్ని. ఇనిషియల్స్ చూసి ఊహించడమే.

తెలుగు అక్షరాలకే సంబంధించిన ఏడాది తగాదా ఒకటుంది, అది చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. కంప్యూటరులో భారతీయ లిపులకు సంకేతాలు ఇచ్చే పట్టికను ఇస్కీ అంటారు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1980లలో దాన్ని ఒకటికి రెండుసార్లు మార్చి, 1988లో ఒక రూపం ఇచ్చింది. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి యూనికోడ్ తయారుచేస్తున్నవాళ్ళు ఆ 1988 రూపాన్ని ఆధారంగా పెట్టుకున్నారు. వాళ్ళ మొదటి పుస్తకం 1991లో వచ్చింది. అదే ఏడాది మన బ్యూరో ఐ.ఎస్. 13194 : 1991 అని ఇస్కీని ప్రమాణంగా ప్రకటించింది, కానీ 1988 నాటి దానిలో కొన్ని మార్పులు చేసి. అందుకే యూనికోడ్ మన ప్రమాణాన్ని అచ్చంగా అనుసరించదు. ఆ సంగతి యూనికోడ్ పుస్తకంలో వాళ్ళే రాసుకున్నారు, ఏళ్ళతో సహా. ఎవరైనా 'ఇస్కీ ప్రకారం' అని ఊరుకుంటే, ఏ ఇస్కీ అని అడగాలి. పాత ఇస్కీలో దాచిన తెలుగు వ్యాసాలను ఇవాళ తెరవాలనుకునేవాడికి అది వాదం కాదు, పని. మీరిప్పుడు చేతిఫోనులో తెలుగు ఏ పొందికలో చూస్తున్నారో దానికి మూలం ఆ 1988 పట్టిక.

మా అక్క కొడుకు నెట్‌వర్క్ పరికరాల పనిలో ఉన్నాడు. వాళ్ళ లోకంలో ఆర్.ఎఫ్.సి. అనే పత్రాలున్నాయి, 1969 నుంచి నంబర్లు నడుస్తున్నాయి. 'తప్పక', 'వీలైతే' లాంటి మాటలకు అర్థం ఇంత అని చెప్పడానికి 1997లో మూడు పుటల పత్రం ఒకటి వచ్చిందట, 2119వది. అక్కడి నుంచి వేలాది పత్రాలు దాన్నే చూపిస్తాయి. వాళ్ళ దగ్గర ఇంకో కట్టుబాటు ఉంది: ఒక పత్రం నిలబడడానికి ఆధారమైన పత్రం ఇంకా అచ్చు కాకపోతే, ఇది కూడా వరసలో ఆగాలి. అలా ఒకదానికోసం ఒకటి ఆగి, ఏళ్ళ తరబడి నిలిచిపోయిన పెద్ద గుంపు ఒకటి 2021 జనవరిలో ఒక్కసారిగా వెలువడింది. పెద్దక్క పెళ్ళి కాలేదని చెల్లెళ్ళను ఆపినట్టు ఉంది పిన్నీ అన్నాడు వాడు.

ఇదంతా మన పత్రికలో ఎందుకంటారా. మెదకు వైపు కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, ఆధారం లేనిదేదీ రాయనని ముందే చెప్పుకుని వ్యాఖ్యానాలు రాసినవాడు. ఆయన వారసులం మనం. మన సంఘాల వార్షికోత్సవ సంచికలు ముప్ఫై ఏళ్ళవి నా దగ్గరున్నాయి. మన పూర్వులు ఎప్పుడు వచ్చారు, ఏ ఊరి చెరువు ఎవరు తవ్వించారు, ఏ బడిలో ఎప్పటిదాకా తెలుగు చెప్పారు అని గొప్ప సంగతులున్నాయి వాటిలో. 'పెద్దలు చెప్పగా', 'ఒక శాసనం ప్రకారం', 'పూర్వపు గెజిట్‌లో' అని ఊరుకుంటాయి. ఏ గెజిట్? హోసూరు గురించి వెతకబోయేవాడు ముందు జిల్లా పేరు తేల్చుకోవాలి. 1965 దాకా మేము సేలం జిల్లా. ఆ ఏడాది నుంచి ధర్మపురి. 2004 నుంచి కృష్ణగిరి. కృష్ణగిరి గెజిటీర్ కోసం పాత పుస్తకాల్లో ఎంత వెతికినా దొరకదు. ల ఫాను 1883లో రాసిన సేలం మాన్యువల్, రిచర్డ్స్ 1918లో తెచ్చిన సేలం గెజిటీర్ తీయాలి. ఏడాది వేసి రాయకపోతే ఊరు కూడా కనబడదు.

తమిళనాడులో 2006 చట్టం వచ్చి బళ్ళలో తమిళం తప్పనిసరి అయ్యాక మన బడుల కోసం అర్జీలు రాసినవాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. అర్జీల్లో ఆవేశానికి లోటు లేదు. పార్వై దగ్గర మాత్రం ఖాళీ. 'మాకు ముందు నుంచీ ఈ హక్కు ఉంది' అని ఉంటుంది. ముందు నుంచీ అంటే ఏ ఉత్తర్వు, ఏ తేదీ? ఆ ఉత్తర్వు కాగితం ఎవరో హెడ్మాస్టరు గారి ట్రంకుపెట్టెలో ఉంటుంది. ఆయన పోయాక కొడుకులు పెట్టెను పాతసామాన్లవాడికి వేసేస్తారు. ఇలా రెండు పెట్టెలు నేనే ఆపి తెచ్చుకున్నాను. ఒకదానిలో సగం చెదలు. మిగిలిన సగంలో మన పక్క ఊరి బడి హాజరు పట్టీలు, తెలుగు విభాగానివి, ఏళ్ళు వేసి ఉన్నాయి.

2018లో రిటైరయ్యాక ఇప్పుడు చేస్తున్న పని అదే. మా తాలూకాలో ఊళ్ళ, చెరువుల తెలుగు పేర్లు పోగుచేస్తున్నాం, నలుగురైదుగురం. చివర జాబితా నాది. అచ్చు పుస్తకాలకు చిక్కు లేదు, రికార్డులకు నంబర్లున్నాయి. చిక్కల్లా మనుషులతో. సగం పేర్లు ముసలమ్మలు చెప్పినవే. వాళ్ళను వసారాలో బల్ల కింద వేయలేను, స్తంభాల్లోనే వేయాలి, ఎందుకంటే ఆ పేర్లకు వేరే ఆధారం లేదు. అందుకని ఇలా రాస్తున్నాం: చెప్పినవారి పేరు, ఇంటిపేరు తెలిస్తే అది ముందు, ఊరు, పుట్టిన ఊరు వేరైతే అది, వయసు, ఏ రోజు, ఎవరికి చెప్పారు, ఏ మాట వాళ్ళది, ఏది మేము రాసుకున్నది. ఇప్పటికి అరవై మూడు పేర్లయ్యాయి. పదిహేడో నంబరు ఆమె ఏడు చెరువుల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పింది, మధ్యలో రెండు ఎండిపోయాయని కూడా చెప్పింది. వయసు అడిగితే, కరువు వచ్చిన ఏడాది పుట్టానంది. ఏ కరువో తేల్చడానికి మళ్ళీ వచ్చే వారం వెళ్ళాలి.